మా మారుతి 800కి చార్జింగ్ ఎక్కడ పోతోంది?

మా మారుతి 800ది 1998 మోడల్. కార్బురేటర్ బండి, ఏపీ 16 నంబరు. మా మామగారు గుడివాడలో కొనుక్కుని చాలా ఏళ్ళు తిప్పారు. కళ్ళకి ఆపరేషన్ అయ్యాక, "ఇక మీరే వాడుకోండి అల్లుడు గారూ" అని తాళాలు నా చేతిలో పెట్టేశారు. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. అవన్నీ ఓపిగ్గా చేయించుకుంటూనే వస్తున్నాం. ఇంజన్ మాత్రం ఇప్పటికీ గడియారమే. గొడవంతా కరెంటుతోనే.

రెండు మూడు రోజులు తీయకుండా వదిలేస్తే సెల్ఫ్ తిరిగేది కాదు. 'టక్' మని ఒక్క చప్పుడు చేసి డాష్‌బోర్డు లైట్లన్నీ ఆరిపోయేవి. రోజూ తిప్పుతున్నప్పుడు కూడా సెల్ఫ్ బద్ధకంగానే తిరిగేది, ఏదో మొహమాటానికి తిరుగుతున్నట్టు. రాత్రిపూట హెడ్‌లైట్లూ ఏసీ బ్లోయరూ కలిపి వేస్తే మీటరు బోర్డులో బ్యాటరీ బొమ్మ ఎర్రగా, చాలా సన్నగా వెలిగేది. చీకట్లో తప్ప కనపడదు. బెజవాడ బెంజిసర్కిల్ దగ్గర వీధిదీపాల వెలుతురులోకి రాగానే ఆరిపోయిందనుకునేవాళ్ళం. నిజానికి అది వెలుగుతూనే ఉండేది, మన కంటికే ఆనేది కాదు.

మామగారి హయాంలో ఒకసారి బ్యాటరీ మార్చారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ మార్చారు. మా ఇంటికొచ్చాక నేను ఎవరినడిగితే వాళ్ళు తమ సరుకే పోయిందన్నారు. బ్యాటరీ షాపాయన బ్యాటరీ పోయిందన్నాడు. సెల్ఫ్ రిపేరు చేసేవాళ్ళు సెల్ఫ్ దింపి ఆర్మేచర్, బుష్‌లు చూడాలన్నారు. ఇంకొకాయన ఏమీ చూడకుండానే "డైనమో మార్చేయండి సార్, ఎక్స్చేంజ్‌లో ఇప్పిస్తా" అన్నాడు. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌నే మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అంటారు. మూడూ చేయిస్తే ఎక్కడో ఒకచోట తగలకపోదు. కానీ ఆ డబ్బుతో ఈ బండి సగం రేటు వచ్చేస్తుంది. ముందు జబ్బేదో తెలియాలి, మందు తర్వాత అనుకున్నాను. ఇంటర్లో ఎంపీసీ చదివిన రోజుల నాటి ఓం సూత్రం, ఒక డిజిటల్ మల్టీమీటరు, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక ఆక్సిలరేటర్ తొక్కడానికి మా అబ్బాయి. ఇంతే నా సరంజామా.

మొదట బ్యాటరీ. అది బాగోకపోతే మిగిలిన కొలతలన్నీ వృథా. ఈ బండికి వేసేది 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ. బయట చార్జరు మీద రాత్రంతా పెట్టించి తెచ్చాను. చార్జర్ నుంచి తీసిన వెంటనే కొలిస్తే 13 పైన చూపిస్తుంది, దాన్ని నమ్మకూడదు. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, కొన్ని గంటలు ఊరికే వదిలేసి అప్పుడు కొలవాలి. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే దాదాపు ఖాళీ. మాది 12.6 చూపించింది. మూతలు తీసే రకం కాబట్టి హైడ్రోమీటర్‌తో యాసిడ్ గ్రావిటీ (సాంద్రత) కూడా చూశాను. ఆరు గదుల్లోనూ 1240 దరిదాపుల్లోనే ఉంది. ఒక గది మాత్రం బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. మాది అలా లేదు. సెల్ఫ్ తిప్పేటప్పుడు కూడా బ్యాటరీ బొడిపెల మీద 10.6 దగ్గర నిలబడింది. పదికి కిందికి జారితే అనుమానించాలి కానీ 10.6 అంటే బ్యాటరీ తన పని తను చేస్తోంది.

అక్కడే ఒక సంగతి తట్టింది. బ్యాటరీ 10.6 ఇస్తుంటే సెల్ఫ్ ఎందుకంత నీరసంగా తిరగాలి? దాన్ని గుర్తు పెట్టుకుని ముందుకెళ్ళాను.

ఫ్యాన్ బెల్టు చూశాను. బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు లోపే దిగుతోంది, పగుళ్ళు లేవు, కీచుమనట్లేదు. బెల్టుతో పేచీ లేదు.

తర్వాత చార్జింగ్ లైటు. తాళం 'ఆన్'లో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే బ్యాటరీ బొమ్మ కణకణా వెలిగింది. ఇది చాలామంది పట్టించుకోని పరీక్ష. ఆ బల్బు ఉత్త సూచిక కాదు. బ్యాటరీ నుంచి తాళం మీదుగా, ఆ బల్బు మీదుగా వెళ్ళే చిన్న కరెంటే ఆల్టర్నేటర్ లోపలి రోటర్ కాయిల్‌కి మొదటి ప్రాణం పోస్తుంది. ఇంజన్ తిరిగి ఆల్టర్నేటర్ పుంజుకున్నాక బల్బుకి రెండు వైపులా ఒకే వోల్టేజి వస్తుంది. తేడా లేదు కాబట్టి ఆరిపోతుంది. తాళం 'ఆన్' చేసినా ఆ బల్బు వెలగకపోతే బల్బైనా మాడి ఉండాలి, వైరైనా ఊడి ఉండాలి, లోపల కార్బన్ బ్రష్‌లైనా అరిగిపోయి ఉండాలి. మాది వెలిగింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే ఆరింది.

ఇప్పుడు బ్యాటరీ మీద మీటరు పెట్టి ఇంజన్ నడుస్తుండగా చూస్తే 14.2. పుస్తకంలో రాసినట్టుంది. 13.8కీ 14.5కీ మధ్య ఉంటే చార్జింగ్ బాగున్నట్టు లెక్క. వీధి చివర మెకానిక్ కూడా ఇదే కొలత చూసి "చార్జింగ్ బ్రహ్మాండంగా ఉంది సార్, బ్యాటరీయే డూప్లికేట్‌ది ఇచ్చారు" అని తేల్చేశాడు. ఇలా పరీక్షించబట్టే మామగారు బ్యాటరీ మీద బ్యాటరీ కొన్నారు.

బండి రాత్రిపూట ఇబ్బంది పెడుతుంటే పగలు లైట్లార్పి కొలిస్తే ఏం తెలుస్తుంది? కాబట్టి మోపవలసిన బరువంతా (లోడ్) మోపాను. హెడ్‌లైట్లు, బ్లోయరు పూర్తి స్పీడు మీద, వైపర్లు, వెనక లైట్లు. ఈ బండిలో ఆర్పీఎం మీటరు ఉండదు కాబట్టి ఊళ్ళో మూడో గేర్లో వెళ్ళేటప్పుడు వినపడే మోతని గుర్తుంచుకుని అంతవరకే తొక్కమని మా అబ్బాయికి చెప్పాను. లెక్క వేస్తే హెడ్‌లైట్లు 55 వాట్లవి రెండు కలిపి తొమ్మిది ఆంపియర్లు. బ్లోయరు, వైపర్లు, ఇగ్నిషన్ కాయిల్, రేడియేటర్ ఫ్యాన్ తిరిగితే అదీ కలుపుకుని పాతిక దాకా వస్తాయి. బ్యాటరీ మీద మీటరు 14.2 నుంచి జారి జారి 12.7 దగ్గర ఆగింది.

12.7 అంటే చార్జింగ్ కాదు. రాత్రంతా అలా నడిపినా బ్యాటరీలోకి పోయేదేమీ ఉండదు.

ఈ అంకె పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. మొదట ఆగిన చోట ఒక కుర్రాడు ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ లాగేయబోయాడు. వెంటనే ఆపాను. పాత డైనమో బండ్లలో ఆ పరీక్ష చెల్లిందేమో కానీ, ఆల్టర్నేటర్ ఉన్న బండికి అది ప్రాణాంతకం. బ్యాటరీ ఉన్నంతసేపూ అది వోల్టేజిని నిలకడగా పట్టి ఉంచుతుంది. ఒక్కసారిగా పీకేస్తే ఎగదన్నే వోల్టేజికి డయోడ్లూ, వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటరూ పోతాయి. ఆ తర్వాత "చూశారా, డైనమో పోయిందన్నాను కదా" అంటారు. అప్పుడు నిజంగానే పోయి ఉంటుంది.

ఆ పక్క లైన్లో మరో మీటరు కుర్రాడు దొరికాడు. అతను మీటరుని ఏసీ వోల్టుల మీదికి తిప్పి బ్యాటరీకి ఆనించి, 28 చూపిస్తోంది, డయోడ్లు పోయాయన్నాడు. పరీక్ష మంచిదే. ఆల్టర్నేటర్ పుట్టించేది ఏసీనే, డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. ఒక డయోడ్ పోతే కొంత ఏసీ అలాగే బయటికి పారుతుంది. అర వోల్టు దాటి కనిపిస్తే అనుమానించాలి. కానీ 28 ఎలా వస్తుంది? ఆ చవక పసుపుపచ్చ మీటర్లలో ఏసీ రేంజిలో పెట్టి డీసీని కొలిస్తే దాదాపు రెట్టింపు అంకె చూపిస్తాయి. ఎర్ర ప్రోబూ నల్ల ప్రోబూ అటూ ఇటూ మార్చి పెట్టమన్నాను. సున్నా చూపించింది. అతనే నవ్వేశాడు. ఆ తర్వాత టీవీలు బాగుచేసే స్నేహితుడి దగ్గర మంచి మీటరు తెచ్చి కొలిస్తే, లోడ్ మీద కూడా 0.03 వోల్టు మాత్రమే ఉంది. డయోడ్ల మీది అనుమానం అలా తీరిపోయింది.

చివరికి పని నడిచింది ఒక పెద్దాయన దగ్గర. అంబాసిడర్లూ ఫియట్లూ తిరిగిన రోజుల నుంచి వైరింగ్ చేస్తున్న మనిషి. షెడ్డు ముందు 'సెల్ఫ్, డైనమో, వైరింగ్ పనులు చేయబడును' అన్న రేకు తుప్పు పట్టి వేలాడుతోంది. నా 12.7 చెప్పగానే ఆయన బ్యాటరీ వైపు చూడనే లేదు.

"అక్కడ ఎంతుందో చూశారా బాబూ?"

"ఎక్కడండీ?"

"డైనమో దగ్గర. పుట్టే చోట."

లోడ్ అంతా వేసి, ఆల్టర్నేటర్ మీద కరెంటు బయటికొచ్చే బీ ప్లస్ బోల్టుకీ ఆల్టర్నేటర్ ఒంటికీ మధ్య మీటరు పెట్టించారు. చెయ్యి దూరడమే కష్టం అక్కడ, బెల్టు పక్కనే తిరుగుతుంటుంది. చొక్కా చేతులు మడిచి జాగ్రత్తగా ఆనిస్తే 14.1. అంటే పుట్టే చోట 14.1, చేరే చోట 12.7. మధ్యలో 1.4 వోల్టులు ఆవిరైపోతున్నాయి. ఆల్టర్నేటర్‌కి ఏ రోగమూ లేదు. రెగ్యులేటర్ కూర్చునేది దాని లోపలే, మా బండిలో అది చూసుకునేది తన గుమ్మం దగ్గరి వోల్టేజినే. 14.1 కనపడుతోంది కాబట్టి తన బాధ్యత తీరిందనుకుంటుంది. బ్యాటరీకి ఎంత అందుతోందో దానికి తెలియదు. కొన్ని బండ్లలో బ్యాటరీ దగ్గరి వోల్టేజిని చూసి రావడానికి విడిగా ఒక సన్నవైరు ఉంటుంది. అలాంటివైతే రెగ్యులేటరే కాస్త ఎక్కువ తోసి సరిపెట్టేది.

లోడ్ లేనప్పుడు మరి 14.2 ఎలా చూపించింది? వైరులో, జాయింటులో ఎంత అడ్డు ఉన్నా కరెంటు పారకపోతే వోల్టేజి పోదు. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా మీటరుకి నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. పాతిక ఆంపియర్లు పారించినప్పుడే దాని బండారం బయటపడుతుంది. పెద్దాయన దగ్గర ఉన్న టెస్ట్ లాంప్ ఇండికేటర్లలో వాడే 21 వాట్ల బల్బు. మీటరు అబద్ధం చెప్తుంది, ఇది చెప్పదంటారు. ఆ బల్బు వెలగాలంటే దాదాపు రెండు ఆంపియర్లు నిజంగా పారాలి మరి.

ఇక్కడి నుంచి పని ముచ్చటగా సాగింది. పోయిన వోల్టేజిని అంగుళం అంగుళం వెతకడమే. మామూలుగా మీటరుని ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య పెడతాం. ఇక్కడ ఒకే దారికి రెండు చివర్లా పెట్టాలి. బీ ప్లస్ బోల్టు మీద ఒక ప్రోబు, బ్యాటరీ పాజిటివ్ బొడిపె మీద రెండో ప్రోబు. టెర్మినల్ మీద కాదు, లోపలి సీసపు బొడిపె మీద. లోడ్ మీద 0.9 వోల్టు. 0.2 లేదా మహా అయితే 0.3 దాటకూడదు. ఎర్త్ వైపు, అంటే కరెంటు తిరిగొచ్చే దారిలో, ఆల్టర్నేటర్ ఒంటి మీద ఒకటి, బ్యాటరీ నెగటివ్ బొడిపె మీద ఒకటి. 0.5. ఇక్కడ 0.2 దాటితేనే తప్పు. తిలా పాపం తలా పిడికెడు. రెండు వైపులా పంచుకుని తినేస్తున్నాయి.

ముందు పాజిటివ్ వైపు. రెండో ప్రోబుని బ్యాటరీ నుంచి వెనక్కి జరుపుకుంటూ వచ్చాం. బ్యాటరీ టెర్మినల్ దగ్గర ఒక పాయింటు (0.1 వోల్టు) పోయింది. మెయిన్ ఫ్యూజు, పొడుగాటి వైరు కలిపి రెండు పాయింట్లు. మిగిలిన 0.6 ఎక్కడ? జరుపుకుంటూ జరుపుకుంటూ బీ ప్లస్ దాకా వచ్చేశాం. ఒక ప్రోబు బోల్టు కొస మీద ఉంది, రెండోది ఆ బోల్టుకే తొడిగిన లగ్గు (వైరు కొసన ఉండే లోహపు రింగు) మీద ఉంది. రెంటికీ మధ్య గోరంత దూరం. మీటరు 0.6 దగ్గర నిలబడి ఉంది.

ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి (బీ ప్లస్ ఎప్పుడూ నేరుగా బ్యాటరీకి కలిసే ఉంటుంది, స్పానర్ ఒంటికి తగిలితే నిప్పులే), రబ్బరు టోపీ లాగాం. నట్టు స్పానర్ అవసరం లేకుండా వేలితో తిరిగింది. ఆ ఒక్క నట్టు కింద మూడు లగ్గులున్నాయి. ఒకటి కంపెనీది. తక్కిన రెండూ ఎవరో హారన్లకీ, ఎక్కువ వాట్ల హెడ్‌లైట్ బల్బులకీ రిలే పెట్టి ఇక్కడి నుంచే లాగినవి. ఆ బల్బులు ఎప్పుడో తీసేశారు, వైర్లు మాత్రం మిగిలిపోయాయి. మూడు లగ్గులు దొంతరగా కూర్చోవడంతో పైన నట్టుకి పట్టు చాల్లేదు. ఇంజన్ అదురుకి వదులైంది, వదులైతే వేడెక్కింది, వేడికి ఆక్సైడు పట్టింది, ఆక్సైడు పడితే ఇంకా వేడెక్కింది. కంపెనీ లగ్గు ముఖం నల్లగా, నీలంగా మారింది. వైరు మీది తొడుగు వేలెడంత మేర గోధుమరంగుకొచ్చి, వంచితే పెళుసుగా చిట్లింది. 0.6 వోల్టుని 25 ఆంపియర్లతో గుణిస్తే 15 వాట్లు. ఆ గోరంత చోట ఒక సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ వెలుగుతున్నట్టే కదా.

మాడిన మేర కత్తిరించి, లోపలి రాగి పోగులు ఎర్రగా మెరిసే దాకా వెనక్కి వెళ్ళి, కొత్త రాగి లగ్గు క్రింప్ చేసి, దాని మీద సోల్డర్ కూడా పోశారు. అదనపు వైర్లు రెండూ మొదలంటా పీకించేశాను. స్ప్రింగ్ వాషర్ వేసి బిగించారు. లగ్గు ఖరీదు టీ నీళ్ళంత కూడా ఉండదు.

ఎర్త్ వైపు కథ సెల్ఫ్ నీరసానికి జవాబు చెప్పింది. బ్యాటరీ నల్ల తీగ గేర్‌బాక్స్ మీదికి వెళ్ళి అక్కడ బోల్టుకి బిగుస్తుంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పారదు. కాబట్టి సెల్ఫ్‌కైనా ఆల్టర్నేటర్‌కైనా తిరుగు దారి ఆ తీగే. పెద్దాయన డిస్ట్రిబ్యూటర్ మధ్య హెచ్‌టీ వైరు పీకి ఎర్త్‌కి ఆనించారు, ఇంజన్ అందుకోకుండా. బ్యాటరీ నెగటివ్ బొడిపెకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టమన్నారు. 1.7 వోల్టు! ఉండాల్సింది మహా అయితే 0.3. బ్యాటరీ ఇస్తున్న 10.6లో 1.7 ఒక్క ఎర్త్ దారిలోనే పోతే సెల్ఫ్‌కి ఇక 9 లోపే మిగులుతుంది. దాన్ని దింపి ఆర్మేచర్ మార్చినా ఇలాగే తిరిగేది.

బోల్టు విప్పితే కింద తుప్పు, దాని కింద పెయింటు. ఒకప్పుడు క్లచ్ ప్లేట్ల పనికి గేర్‌బాక్స్ దింపారని మామగారు చెప్పారు. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్సుకి శుభ్రంగా వెండి రంగు కొట్టి, ఆ రంగు మీదే ఎర్త్ లగ్గు పెట్టి బిగించినట్టున్నారు. చూపుకి ఎంత ముచ్చటగా చేశారో! కొన్ని బండ్లలో ఈ తీగ పూర్తిగా పోతే సెల్ఫ్ కరెంటు ఆక్సిలరేటర్ కేబుల్ మీదుగా, చోక్ కేబుల్ మీదుగా దారి వెతుక్కుంటుంది. కేబుల్ కాలి బిగుసుకుపోయాక కేబుల్ మారుస్తారు, కారణం మాత్రం అక్కడే ఉంటుంది. మాది అంతదాకా రాలేదు. ఎమెరీ పేపరుతో లోహం కనపడే దాకా రుద్ది, కొత్త అల్లిక ఎర్త్ తీగ ఒకటి ఇంజన్ నుంచి ఛాసీకి అదనంగా వేసి, రెండు చోట్లా వేజలీన్ పూశారు.

మళ్ళీ అదే లోడ్, అదే మోత. ఆల్టర్నేటర్ దగ్గర 14.0, బ్యాటరీ దగ్గర 13.7. సెల్ఫ్ కొడితే ఎర్త్ దారిలో పోయేది 0.2. సెల్ఫ్ చప్పుడు విని మా అబ్బాయి "ఇది మన బండేనా నాన్నా" అన్నాడు.

రాత్రిపూట ఎర్రటి సన్న వెలుగు కూడా పోయింది. దాని గుట్టు ఇప్పుడు తెలిసిందే. ఆ బల్బుకి ఒక చివర ఆల్టర్నేటర్, రెండో చివర తాళం మీదుగా బ్యాటరీ. పాజిటివ్ దారిలో వోల్టుకి అటూ ఇటుగా పోతుంటే ఆ తేడా మొత్తం బల్బు మీద పడి అది గుడ్డిగా వెలుగుతుంది. గుడ్డి వెలుగు కనపడగానే చాలామంది డయోడ్ అంటారు. డయోడ్ పోయినా అలాగే వెలగొచ్చు, కాదనను. కానీ ఆల్టర్నేటర్ విప్పే ముందు ఆ బోల్టు నట్టుని వేలితో ఒకసారి తిప్పి చూడడానికి ఏ ఖర్చూ లేదు. ఇంజన్ ఆపి, నెగటివ్ తీశాకే సుమా.

అంతా అయ్యాక వారం పాటు హాయిగా నడిచింది. తర్వాత ఊరెళ్ళి వచ్చేసరికి బ్యాటరీ మళ్ళీ నీరసం. ఇది వేరే జబ్బు. నింపేది బాగుపడింది, ఎక్కడో కారుతోంది.

ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకున్నాను. మీటరుని 10 ఆంపియర్ల సాకెట్టుకి మార్చి, నెగటివ్ టెర్మినల్ తీసి, ఆ టెర్మినల్‌కీ బొడిపెకీ మధ్య మీటరు కలిపాను. తాళం తీసేసి, డోర్లన్నీ వేసి. ఇలా కలిపి ఉన్నప్పుడు పొరపాటున కూడా తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. కంప్యూటరు లేని ఈ కార్బురేటర్ బండిలో నిద్రపోతున్నప్పుడు పారాల్సింది కొద్ది మిల్లీ ఆంపియర్లు. కొత్త కార్లలోనైనా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదంటారు. మాది 0.34 ఆంపియర్లు చూపించింది. రోజుకి 24 గంటలు వేసుకుంటే ఎనిమిది ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో రెండు రోజులకే సగం దాకా ఖాళీ. పైగా అంతకుముందు అది ఎన్నడూ నిండా చార్జ్ అయిందే లేదు.

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ మీటరు చూశాను. రూమ్ లైటుది, హారన్‌ది, వైపర్లది, ఏది పీకినా అంకె కదల్లేదు. అన్నీ పీకేశాక కూడా 0.34 అలాగే ఉందంటే అది ఫ్యూజు బాక్సు దాటి నేరుగా బ్యాటరీ నుంచి వెళ్తోంది. బ్యాటరీ పాజిటివ్ దగ్గర చూస్తే కార్పెట్ కిందికి దూరిన లావుపాటి ఎర్రవైరు ఒకటి, దానికో ఫ్యూజు గొట్టం. దాన్ని విప్పగానే మీటరు 0.01కి పడిపోయింది.

వెనక సీటు కింద ఆంప్లిఫయర్. మా బావమరిది కాలేజీ రోజుల్లో పెట్టించిందట. స్టీరియో నుంచి వచ్చే నీలం వైరే ఆంప్లిఫయర్‌కి నిద్ర లేవమనీ పడుకోమనీ చెప్పాలి. బిగించినవాళ్ళు ఆ నీలం వైరుని స్టీరియోకి కలపకుండా శాశ్వత సప్లైకి కలిపేశారు. అంతేకాదు, స్టీరియో ఎర్రవైరూ పసుపువైరూ కూడా ఒకే ముడి వేశారు, తాళం లేకుండా పాటలు వినొచ్చని. ఎర్రది తాళంతో వచ్చే సప్లైకి, పసుపుది గడియారం, స్టేషన్లు గుర్తుంచుకోవడానికి శాశ్వత సప్లైకి వెళ్ళాలి. విడదీసి, ఎర్రవైరుని తాళం వైపు మార్చాను. ఆంప్లిఫయర్‌ని మాత్రం మళ్ళీ కలపలేదు.

ఇప్పుడు నేను చూసే అంకెలు మూడే. తెల్లవారి స్టార్ట్ చేయకముందు 12.5 పైన ఉందా, లోడ్ మీద బ్యాటరీ దగ్గర 13.5 తగ్గకుండా ఉందా, నిద్రలో పారేది 20 మిల్లీ ఆంపియర్లలోపే ఉందా. మే నెల ఎండలో ఇంజన్ బాగా కాగాక 13.6 కనిపిస్తే కంగారు పడను. వేడికి రెగ్యులేటర్ తనే వోల్టేజి తగ్గించుకుంటుంది, అలా తగ్గించుకోకపోతేనే బ్యాటరీ నీళ్ళు ఇగిరిపోతాయి. చలిదేశాల వాళ్ళు రాసిన 14.7 మన బెజవాడ బండిలో వెతుక్కోనక్కర్లేదు. పెద్దాయన మాత్రం వచ్చే సర్వీసుకి ఆల్టర్నేటర్ కార్బన్ బ్రష్‌లు ఒకసారి తీసి చూద్దామన్నారు, ఇన్నేళ్ళ బండి కదా. దానికి ఒప్పుకున్నాను.

ఆంప్లిఫయర్ అటక మీద ఉంది. బావమరిది పండక్కొచ్చినప్పుడు పట్టుకెళ్తానన్నాడు. వాడి బండికి పెట్టుకుంటాడట.